పాత రేసింగ్ గో-కార్టుల మరమ్మతు, పునరుద్ధరణ

స్ప్రింగులు గానీ, షాక్ అబ్జార్బర్లు గానీ, డిఫరెన్షియల్ గానీ లేకుండా, ఉక్కు గొట్టాలను అతికి చేసిన ఫ్రేముకు నాలుగు చిన్న చక్రాలనూ ఒక చిన్న ఇంజిన్‌నూ బిగించి, నేలకు అంగుళం రెండంగుళాల ఎత్తున కూర్చుని నడిపే పందెపు బండిని గో-కార్టు అంటారు. దశాబ్దాల పాటు షెడ్డులో మూలపడిన ఇటువంటి బండిని విప్పి, దాని లోహం ఏ స్థితిలో ఉందో పరీక్షించి, అరిగిన భాగాలను మార్చి, తయారైన కాలపు రూపానికీ నడకకూ తిరిగి తీసుకురావడమే పునరుద్ధరణ. పాత కారును బాగుచేసే పనికీ దీనికీ ఒక మౌలికమైన తేడా ఉంది. కారులో ఫ్రేము బరువు మోస్తే కుదుపులను సస్పెన్షన్ భరిస్తుంది; కార్టులో ఈ రెండు పనులూ ఫ్రేమే చేస్తుంది, పైగా మలుపు తిరగడంలోనూ దానికే ప్రధాన పాత్ర. అందువల్ల రంగు, మెరుగు, క్రోమ్ పూత వంటివన్నీ చివరి పనులే అవుతాయి. ఫ్రేము గొట్టాలలో ఇంకా ఎంత సత్తువ మిగిలి ఉందన్న ప్రశ్నతోనే ఈ విద్య మొదలవుతుంది.

పుట్టుక, పరిణామం

తొలి కార్టును 1956లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్, లూ బొరెల్లీ కలిసి తయారు చేశారు. ఇంగెల్స్ అప్పట్లో కర్టిస్ క్రాఫ్ట్ అనే రేసు కార్ల కంపెనీలో పనివాడు. ఈ బండికి వారు గడ్డి కోసే యంత్రం కోసం ఉద్దేశించిన వెస్ట్ బెండ్ టూ-స్ట్రోక్ ఇంజిన్‌ను అమర్చారు. పసడీనాలోని రోజ్ బౌల్ క్రీడా మైదానం పక్కనున్న వాహనాల ఖాళీ స్థలంలో ఇలాంటి బండ్లు తిరుగుతుండగా చూసినవారు తామూ చేసుకోవడం మొదలుపెట్టారు. కొద్ది కాలంలోనే డఫీ లివింగ్‌స్టన్ తదితరులు అజూసాలో గో కార్ట్ కంపెనీని స్థాపించి విడిభాగాల కిట్లను దేశమంతటా అమ్మసాగారు. చెట్లు కోసే రంపాల తయారీలో పేరున్న మెకల్లక్ కంపెనీ 1959లో ఈ రంగంలోకి అడుగుపెట్టడంతో కార్టుల కోసమే రూపొందిన ఇంజిన్లు వచ్చాయి. అదే కాలంలో ఒహాయో రాష్ట్రంలోని మాన్స్‌ఫీల్డ్‌లో మికీ రప్ డార్ట్ కార్టులను తయారు చేశాడు. 1964లో సెయింట్ లూయిస్‌లో మార్గే సంస్థ ప్రారంభమైంది. నేడు సేకర్తలు వెతికే అమెరికన్ కార్టులలో చాలా భాగం ఈ పదేళ్లలో పుట్టినవే.

ఐరోపాలో ఈ క్రీడ మరో దారి పట్టింది. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య 1962లో కార్టింగ్‌కు ప్రత్యేక సంఘాన్ని ఏర్పరచింది. 1964లో జరిగిన తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను ఇటలీకి చెందిన గ్విడో సాలా గెలిచాడు. బైరెల్, టెక్నో వంటి ఇటాలియన్ ఫ్రేములు, పరిల్లా, కోమెట్, బీఎం, డాప్ వంటి ఇంజిన్లు ఆ తరువాతి రెండు దశాబ్దాల పందేలను శాసించాయి. బెల్జియంకు చెందిన ఫ్రాన్స్వా గోల్డ్‌స్టైన్ 5 సార్లు, బ్రిటన్‌కు చెందిన మైక్ విల్సన్ 6 సార్లు ప్రపంచ విజేతలైనది ఈ తరహా బండ్ల మీదే. 1979, 1980 సంవత్సరాల ప్రపంచ పోటీలలో ద్వితీయ స్థానంలో నిలిచిన ఐర్టన్ సెన్నా నడిపింది డాప్ కార్టునే. జపాన్ నుంచి 1970ల దశకంలో వచ్చిన యమహా కేటీ100 ఇంజిన్ వేగంలో వీటికి సాటి కాకపోయినా, మన్నికలోనూ తక్కువ ఖర్చులోనూ వీటిని మించిపోయి క్లబ్బు పందేలకు ఆధారమైంది.

బండిని గుర్తించడం

విప్పడానికి ముందు ఆ బండి ఏదో తేల్చుకోవాలి. తొలినాటి అమెరికన్ ఫ్రేములలో చాలావాటికి నంబరు పలక ఉండదు, ఉన్నా ఊడిపోయి ఉంటుంది. అందుచేత గొట్టాల వంపు, ఇరుసు బేరింగులను మోసే పట్టీల ఆకారం, స్టీరింగ్ కడ్డీని నిలబెట్టిన తీరు, అతుకు వెల్డింగా ఇత్తడితో చేసిన బ్రేజింగా అన్న వివరాలను పాత ప్రకటనలతోనూ కంపెనీ పుస్తకాలతోనూ పోల్చి నిర్ణయించవలసి ఉంటుంది. ఐరోపా బండ్ల విషయంలో ఈ పని కొంత సులువు. అంతర్జాతీయ పోటీలకు అనుమతి పొందిన ఫ్రేముకూ ఇంజిన్‌కూ ఫొటోలు, కొలతలతో కూడిన ఆమోద పత్రాలు తయారయ్యేవి గనుక, అసలు రూపం ఏమిటన్న ప్రశ్నకు అవి తిరుగులేని సాక్ష్యాలు. విప్పేటప్పుడు ప్రతి దశలోనూ ఫొటోలు తీయడం, ఏ వాషరు ఎటు వైపు ఉందో కూడా రాసి పెట్టుకోవడం కాలయాపనగా కనిపించినా, బిగించే వేళకు ఆ శ్రమకు ఫలితం దక్కుతుంది.

ఈ దశలోనే మరొక నిర్ణయం జరగాలి. బండి పందెపు బాట మీద తిరగాలా, లేక ప్రదర్శనలో నిలవాలా అన్నది ముందే తేల్చుకోకుండా పని మొదలుపెడితే, తిప్పడానికి పనికిరాని ఫ్రేము మీద ఇంజిన్ ఖర్చు పెరిగిపోవడమో, ప్రదర్శనకు అమూల్యమైన తొలి రంగు అనవసరంగా గీకివేతకు గురికావడమో జరుగుతుంది. అసలు రంగూ, తయారీదారు అంటించిన బొమ్మల కాగితాలూ సగమైనా మిగిలి ఉన్న అరుదైన బండిని శుభ్రం చేసి, తుప్పును ఆపి, అలాగే ఉంచడమే మేలు. కొత్త రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు, పోయిన పాత రంగును మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

ఫ్రేము

కార్టు వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగిసి, ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోవలసి ఉన్నా ఇరుసు అందుకు ఒప్పుకోదు కాబట్టి, లోపలి వెనుక చక్రం క్షణకాలం నేలను వదిలితే తప్ప బండి సాఫీగా తిరగదు. స్టీరింగ్ తిప్పినప్పుడు, ముందు చక్రాలు పక్కకు తిరిగే కీళ్లయిన కింగ్ పిన్‌ల వాలు కారణంగా లోపలి ముందు చక్రం కిందికి నొక్కుకుంటుంది, బయటిది పైకి జరుగుతుంది. ఈ తేడాకు ఫ్రేము మెలితిరిగి లోపలి వెనుక చక్రాన్ని పైకెత్తుతుంది. అంటే గొట్టాలు ప్రతి మలుపులోనూ మెలిపడి తిరిగి నిలదొక్కుకుంటూ, కొన్నేళ్ల పందేలలో లక్షలసార్లు ఈ శ్రమకు గురవుతాయి. లోహపు అలసట అనేది కార్టులో అరుదుగా వచ్చే జబ్బు కాదు, దాని నిత్య జీవితంలో భాగం.

పగుళ్లు ఎక్కడపడితే అక్కడ రావు. సీటును పట్టుకునే ఊతాల మొదళ్లలో, ఇంజిన్ కూర్చునే పట్టాల దగ్గర, బేరింగు పట్టీల అతుకుల అంచున, ముందు చక్రాల కింగ్ పిన్‌లను మోసే కొక్కేల వద్ద, అంటే మెత్తగా వంగే గొట్టం గట్టి భాగాన్ని కలిసే చోట్ల, అవి పుడతాయి. వెల్డింగు గట్టులో కన్నా దాని పక్కనే, వేడికి గురైన అంచులో, వెంట్రుకంత గీతగా మొదలయ్యే పగులు రంగు కింద దాగి ఉంటుంది. కాబట్టి రంగు పూర్తిగా తీసి, ఎర్రని చొరబాటు ద్రవం పూసి, కొంతసేపు ఆగి తుడిచి, తెల్లని డెవలపర్ చల్లుతారు. పగులులో దాక్కున్న ద్రవం తెల్లని పొర మీదికి సన్నని ఎర్ర గీతగా ఊరుతుంది. ఇంకొక లోపం ఫ్రేము అడుగున ఉంటుంది. బాట అంచులకు ఒరుసుకుంటూ పోయిన గొట్టాలు కింది వైపు చదునుగా అరిగిపోతాయి. పైనుంచి చూస్తే నిక్షేపంగా కనిపించే గొట్టానికి అడుగున సగం మందమే మిగిలి ఉండవచ్చు కనుక, అతిధ్వని మందమాపకంతో చూడకుండా ఏ ఫ్రేమునూ మంచిదని చెప్పకూడదు.

నిటారుతనం పరీక్షకు ఫ్రేమును సమతలమైన ఇనుప బల్ల మీద ఉంచి, ఎడమ కింగ్ పిన్ నుంచి కుడి ఇరుసు బేరింగు వరకూ, కుడి కింగ్ పిన్ నుంచి ఎడమ బేరింగు వరకూ కర్ణాలు కొలిచి పోలుస్తారు. మామూలు సర్క్యూట్ బండ్లలో అవి సమానంగా ఉండాలి. ఒకే దిశలో తిరిగే అండాకార బాటల కోసం కావాలనే వంకరగా కట్టిన అమెరికన్ ఫ్రేములకు ఈ నియమం వర్తించదు; ఆ సంగతి తెలియక సరిచేయబోయి మంచి ఫ్రేమును పాడుచేసిన సందర్భాలు లేకపోలేదు. రేసింగ్ ఫ్రేములలో ఎక్కువగా క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కును వాడారు. 4130 అనే ప్రసిద్ధ రకంలో సుమారు 0.3 శాతం కార్బన్, 1 శాతం క్రోమియం, 0.2 శాతం మాలిబ్డినం ఉంటాయి. దీన్ని టిగ్ పద్ధతిలో, అంటే ఆర్గాన్ వాయువు రక్షణలో టంగ్‌స్టన్ కొస నుంచి వచ్చే చాపంతో, నెమ్మదిగా అతకాలి. అతుకును నీళ్లతో చల్లార్చితే అది పెళుసెక్కుతుంది. బ్రేజింగ్ చేసిన పాత అతుకు మీద ఇత్తడిని పూర్తిగా తీయకుండా వెల్డింగ్ చేయడం పెద్ద తప్పు, కరిగిన ఇత్తడి ఉక్కు రేణువుల సందుల్లోకి దూరి కొత్త పగుళ్లు తెస్తుంది. పగిలిన చోట అదనపు పలకను అతికించి బలపరచాలన్న కోరిక సహజమే అయినా, ఆ పలక ఫ్రేము మెలిని మార్చి, బండి మలుపు తిరిగే గుణాన్నే మార్చివేస్తుంది. చిన్న ముక్క కోసి అదే కొలత గొట్టాన్ని అతకడం శ్రమతో కూడినదైనా సరైన మార్గం. పొడవునా అరిగి, పలుచోట్ల పగిలిన ఫ్రేమును గోడకు వేలాడదీయడమే న్యాయం. దానిని తిరిగి బాట మీదికి తేవడం నడిపేవాని ప్రాణంతో చెలగాటం.

ఇరుసు, చక్రాలు, బ్రేకులు

తొలి అమెరికన్ కార్టుల వెనుక ఇరుసు అంగుళం లేదా అంగుళంపావు మందమున్న గట్టి ఉక్కు కడ్డీ. దీన్ని రెండు వీ-బ్లాకుల మీద తిప్పి, డయల్ గేజితో వంకర చూసి, స్ప్రాకెట్, బ్రేకు డిస్కు బిగిసే కీ గాడుల మూలల్లో పగుళ్లు వెతుకుతారు. స్టీరింగ్ రాడ్ల చివర ఉండే బాల్ జాయింట్లనూ, ముందు చక్రాలను మోసే పొట్టి ఇరుసులైన స్టబ్ యాక్సిళ్ల బోల్టులనూ పాతవి బాగున్నట్టు కనిపించినా మార్చివేయాలి. ప్రామాణికత పేరుతో వీటిని ఉంచుకోవడం తగదు.

చక్రాలు చాలావరకు రెండు సగాలుగా ఉండి బోల్టులతో కలుస్తాయి. టైరులో గాలి పూర్తిగా తీయకుండా ఆ బోల్టులు విప్పితే సగం చక్రం తూటాలా దూసుకువస్తుంది. రేసింగ్ చక్రాలకూ, కొన్ని ఇంజిన్ల పెట్టెలకూ వాడిన మెగ్నీషియం మిశ్రలోహం తేమకు తెల్లని పొడిగా రాలుతూ గుంటలు పడుతుంది. దాన్ని గ్రైండ్ చేసినప్పుడు వచ్చే రజను నిప్పంటుకుంటే నీళ్లు పోయడం మంటను మరింత పెంచుతుంది గనుక పక్కన పొడి ఇసుక ఉండాలి. బ్రేకుల విషయంలో కనిపించని ప్రమాదం ఇంకొకటి ఉంది. పాత డ్రమ్ము బ్రేకుల లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. ఆ దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదకుండా తడిపి తుడవాలి. టైరు మీద నేరుగా ఒక పలకను నొక్కి ఆపే తొలినాటి బ్రేకులున్న బండ్లను ప్రదర్శనకే పరిమితం చేయడం మంచిది.

ఇంజిన్

పాత రేసింగ్ కార్టు ఇంజిన్లలో అత్యధికం 100 సీసీ చుట్టూ ఉండే గాలితో చల్లబడే టూ-స్ట్రోక్‌లు. యమహా కేటీ100లో 52 మిల్లీమీటర్ల బోరు, 46 మిల్లీమీటర్ల స్ట్రోకుతో ఘనపరిమాణం 97.6 సీసీ. 1985 నుంచి 1996 వరకూ మన రోడ్ల మీద పేరు మోసిన యమహా ఆర్‌ఎక్స్100 మోటారు సైకిల్ ఇంజిన్ 98 సీసీ. ఒకే కంపెనీ నుంచి వచ్చినా వీటి భాగాలు ఒకదానికొకటి సరిపోవు, కేటీ100 పిస్టన్ కదలికతోనే మిశ్రమాన్ని లోనికి తీసుకుంటే ఆర్‌ఎక్స్100కు రీడ్ వాల్వు ఉంది. అయినా ఆర్‌ఎక్స్100కు బోరింగ్ చేయించి, క్రాంకు విప్పించి, కొత్త కనెక్టింగ్ రాడ్ కిట్ వేయించిన మెకానిక్‌కు కేటీ100 కొత్త యంత్రంలా తోచదు. తెలుగు పట్టణాలలోని లేత్ షెడ్లలో ఈ పనితనం ఇప్పటికీ జీవించి ఉంది.

ఏళ్ల తరబడి నిలిచి పట్టేసిన పిస్టన్‌ను సుత్తితో కొట్టకూడదు. ప్లగ్గు రంధ్రం నుంచి తుప్పు వదిలించే నూనె పోసి రోజుల తరబడి నాననిచ్చి, సిలిండర్‌ను మెల్లగా వేడి చేస్తే అల్యూమినియం, ఇనుము వేర్వేరుగా వ్యాకోచించి పట్టు సడలుతుంది. బోరు కొలిచిన తరువాత గీతలు లోతుగా ఉంటే ఓవర్‌సైజు పిస్టన్‌కు బోరింగు, తక్కువగా ఉంటే హోనింగ్ సరిపోతుంది. ఈ పరిమాణపు ఇంజిన్లలో పిస్టన్‌కూ గోడకూ మధ్య మిల్లీమీటరులో పదో వంతుకు కొంచెం అటూ ఇటూగా ఎడం ఉంచుతారు. అంతకంటే బిగువైతే వేడికి పట్టేస్తుంది. బోరింగు అయ్యాక పోర్టుల అంచులు కత్తిలా పదునెక్కుతాయి. వాటిని గుండ్రంగా అరగదీయకపోతే మొదటి గంటలోనే రింగు విరుగుతుంది.

క్రాంకు షాఫ్టు సాధారణంగా రెండు చక్రాలను ఒక పిన్ను మీద ప్రెస్సుతో కలిపిన కూర్పు. బిగ్ ఎండ్ బేరింగు మార్చాలంటే దీన్ని విడదీసి, మళ్లీ నొక్కి, రెండు కొసల మధ్య తిప్పుతూ రాగి సుత్తితో తట్టి నిటారు చేయాలి. తిరిగేటప్పుడు వంకర మిల్లీమీటరులో వందో వంతులు రెండు మూడింటికి మించకూడదు, ఎందుకంటే ఈ ఇంజిన్లు నిమిషానికి పది వేలకు పైగా తిరుగుతాయి, ఐరోపా రోటరీ వాల్వు ఇంజిన్లు అంతకన్నా ఎంతో ఎక్కువ. క్రాంకు పెట్టెను సుమారు 100 డిగ్రీలకు వేడి చేస్తే బేరింగులు సుత్తి అవసరం లేకుండా జారి కూర్చుంటాయి.

ఆ తరువాత చేసే గాలి పరీక్షను ఈ పని మొత్తానికీ కీలకమని చెప్పవచ్చు. టూ-స్ట్రోక్‌లో పెట్రోలు మిశ్రమం మొదట క్రాంకు పెట్టెలోకే వస్తుంది. పాతబడి గట్టిపడిన ఆయిల్ సీలు పక్కనుంచి బయటి గాలి దూరితే మిశ్రమం పలుచనై, మంట వేడెక్కి, పిస్టన్ నెత్తి కరిగి బొక్క పడుతుంది. కాబట్టి లోపలికి, బయటికి వెళ్లే దారులను రబ్బరు పలకలతో మూసి, రక్తపోటు కొలిచే మిషను బల్బుతో లోపలికి గాలి కొట్టి, పాదరసపు కొలతలో 300 మిల్లీమీటర్ల దాకా తెస్తారు. ముల్లు నిమిషాల పాటు కదలకుండా నిలవాలి. పడిపోతుంటే సీళ్ల చుట్టూ, సిలిండర్ కింది ప్యాకింగు చుట్టూ సబ్బు నీళ్లు రాస్తే బుడగలు లేచిన చోటే లోపం బయటపడుతుంది.

కార్బొరేటర్, ఇగ్నిషన్, నూనె

కుదుపులకూ మలుపుల ఒత్తిడికీ ఫ్లోటు గిన్నె ఉన్న కార్బొరేటర్ నిలకడగా పనిచేయదు. అందుకే రంపాల నుంచి వచ్చిన డయాఫ్రం కార్బొరేటర్లను, ముఖ్యంగా టిల్లోట్‌సన్, వాల్‌బ్రో రకాలను వాడారు. క్రాంకు పెట్టెలోని ఒత్తిడి హెచ్చుతగ్గులే ఇందులో పంపును నడుపుతాయి. గట్టిపడిన డయాఫ్రంను వేడి నీళ్లలో నానబెట్టి వాడుకోవడం వృథా ప్రయాస, కొత్త కిట్ వేయడమే దారి. భారతదేశంలో నేడు దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత రబ్బరును త్వరగా పాడుచేస్తుంది, తేమను పీలుస్తుంది. దాన్ని ట్యాంకులో నిలవ ఉంచకూడదు.

ఇగ్నిషన్ సాధారణంగా మాగ్నెట్ చక్రం, పాయింట్లు, కండెన్సర్‌లతో పనిచేస్తుంది. పాయింట్ల ఎడం 0.4 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. పాత కండెన్సర్‌ను పరీక్షించకుండా నమ్మరాదు. నిప్పురవ్వ వెలువడే క్షణాన్ని, పిస్టన్ పై కొసకు చేరడానికి ఇంకా ఎన్ని మిల్లీమీటర్లు ఉందో డయల్ గేజితో కొలిచి అమరుస్తారు. మాగ్నెట్ చక్రం మధ్యలో, కీ గాడి మూలన పగులు ఉంటే దాన్ని పారవేయవలసిందే, అంత వేగంలో విరిగిన ముక్కలను ఏ మూతా ఆపలేదు.

పాత ఇంజిన్ విప్పగానే కనిపించే గోధుమరంగు జిగురు పొర ఆముదానిది. ఆముదంలో దాదాపు 90 శాతం ఉండే రిసినోలియిక్ ఆమ్లం వేడి లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని, ఇతర నూనెలు మాడిపోయే స్థితిలోనూ పొరగా నిలుస్తుంది కాబట్టి రేసు ఇంజిన్లకు దానిని ఏరికోరి వాడారు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల మెట్ట పొలాలలో ఏళ్ల తరబడి పండినది ఈ నూనెనిచ్చే ఆముదపు పంటే. ప్రపంచంలో ఆముదం అత్యధికంగా ఉత్పత్తి చేసే దేశం భారతదేశం. మిథనాల్‌లో ఆముదం చక్కగా కలుస్తుంది, పెట్రోలులో, ముఖ్యంగా చలిలో, విడిపోయే స్వభావం కలది. శుద్ధి చేయని వంటింటి ఆముదం జిగురును విపరీతంగా మిగుల్చుతుంది గనుక ఇంజిన్ కోసం శుద్ధిచేసిన రేసింగ్ నూనెనే ఎంచుకోవాలి. ఎన్నో వంతు కలపాలన్నది ఆ ఇంజిన్ తయారీదారు చెప్పిన లెక్క ప్రకారం ఉండాలి. రేసింగ్ వాడకంలో 20 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె అనేది తరచుగా కనిపించే లెక్క. పాత పొరను గీకకుండా ద్రావకంలో నానబెట్టి తీయాలి.

పూతలు

1960ల బండ్లలో చాలావాటికి క్రోమ్ లేదా నికెల్ పూత ఉండేది. పూత స్నానంలో వెలువడే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది కాబట్టి, స్టీరింగ్ భాగాలకూ స్టబ్ యాక్సిళ్లకూ పూత వేయిస్తే వెంటనే కొలిమిలో వేడి చేయించాలి, లేదా వాటికి పూత మానుకోవాలి. పౌడర్ కోటింగ్ చౌక, మన్నిక ఎక్కువ, అయితే దాని మందపాటి ప్లాస్టిక్ పొర కింద పగులు పుట్టినా పైకి కనిపించదు. నడిపే బండికి పలుచని స్ప్రే రంగు నయం. పగులు వచ్చిన చోట అది చిట్లి ముందే హెచ్చరిస్తుంది.

తొలి పరుగు

బిగించిన ఇంజిన్‌ను మొదట కొద్ది నిమిషాలు తక్కువ వేగంలో నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ నడుపుతూ మెల్లమెల్లగా వేగం పెంచుతారు. కార్బొరేటర్ సూదులను మొదట్లో పెట్రోలు ఎక్కువగా వచ్చేలా ఉంచి, ప్లగ్గు విప్పి చూస్తూ సర్దుకోవాలి. మసి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఎండిపోయి ఉంటే ప్రమాదకరంగా తక్కువ, లేత గోధుమ రంగు సరైన గుర్తు. దశాబ్దాల నాటి టైరు గట్టిపడి పట్టు కోల్పోయి ఉంటుంది గనుక, పాత టైర్లను ప్రదర్శనకు దాచి, అదే కొలత కొత్త టైర్లతోనే బాట మీదికి వెళ్లాలి. తొలి పరుగు తరువాత చైను బిగువు, ఇంజిన్ పట్టీల బోల్టులు, సీటు ఊతాలు, చక్రాల నట్లు అన్నీ మళ్లీ బిగించాలి. ఆపై ఫ్రేము కడిగి, అతికిన ప్రతి చోటునూ భూతద్దంతో చూసి, తేదీ వేసి పుస్తకంలో నమోదు చేస్తారు. ఆ పరీక్షను ప్రతి పరుగు తరువాతా, బండి బాట మీద తిరిగినన్నాళ్లూ కొనసాగించాలి.